రాతిగుడి సాక్ష్యం

చైనావాళ్ళు ఇనుము కోసం మన గుట్టల్లోని ఎర్రదుమ్మును సైతం కాటా వేసి కొనుక్కుపోతున్న రోజులవి. బళ్ళారి జిల్లాలో చోరనూరు దాటాక గుట్ట కిందనున్న పేట, మిషన్ కేరిలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరూ అన్నం ముందు కూర్చునేవాళ్ళు కాదు. మూడేళ్ళుగా ఆ వేళకు గని సైరన్ మూడుసార్లు కూసేది. మొదటి కూతకు ఆడవాళ్ళు పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేవాళ్ళు. రెండో కూతకు పిల్లల్నీ, పగిలితే మళ్ళీ కొనలేని సామాన్లనీ ఎత్తుకుని బయటికొచ్చి ఎండలో నిలబడేవాళ్ళు. మూడో కూత తర్వాత గుట్ట పేలేది. మనిషికి ఇల్లు నీడ అంటారు గానీ, ఆ కేరిలో ఆ గడియకు ఇంటికంటే ఎండే నయం. అన్నీ గవర్నమెంటు కట్టించిన సిమెంటు ఇటుకల ఇళ్ళు. పదేళ్ళు నిండకముందే ఒక్కో గోడకు వేలు దూరేంత పగుళ్ళు.

కేరి అంతా బయటికొచ్చే ఆ సమయంలో ఒక్క మనిషి మాత్రం లోపలికి పోయేవాడు. ఆయన హనోకు మేస్త్రీ, అరవై రెండేళ్ళ సున్నపు పనివాడు. కేరి చివర, గుట్టకు దగ్గరగా, మిషన్ దొరలు కట్టించిన నూట పదేళ్ళ రాతిగుడి ఉంది. ఆ చర్చి గోడలకు సున్నం పెట్టే పని తాత నాటి నుంచి హనోకు ఇంటిదే. ఆయన లోపల గోడకు అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. పేలుడు నేలలోంచి వచ్చి అరికాళ్ళను పొడిచేది. అరచేతికి మాత్రం, ఈగ వాలినప్పుడు ఎద్దు తోలు విదిలించినంత వణుకు తగిలి ఊరుకునేది. "చూస్తివా!" అనేవాడు హనోకు, గోడ తనతో పందెం కట్టి గెలిచినట్టు.

తర్వాత ఆయన భార్య కరుణమ్మ చీపురు పట్టుకొచ్చి గుడి ఊడ్చేది. గోడల మొదట్లో చేటెడు సున్నప్పొడి రాలి ఉండేది. దాన్ని ఆమె మాట్లాడకుండా ఎత్తి గుంతలో పోసేది. శనివారం వచ్చిందంటే హనోకు తాపీ, సున్నపు తట్ట తీసుకుని, ఆ వారమంతా రాళ్ళ సందుల్లో ఎక్కడెక్కడ సున్నం రాలిందో వెతికి మళ్ళీ నింపేవాడు. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి నెలల తరబడి నానబెట్టిన సున్నం అది. ఆదివారం ప్రార్థనకు జనం వచ్చేసరికి గోడ మీద ఒక్క గాటు కనబడకూడదు. దేవుని ఇల్లు చినిగిన చొక్కాతో నిలబడితే తనకే నామోషీ అనుకునేవాడు ఆయన.

ఆ మంగళవారం బళ్ళారి నుంచి గనుల ఆఫీసరు వెంకటరత్నం వచ్చాడు. గని ఊరివైపుకు జరిగి కొత్త తవ్వకం మొదలుపెట్టబోతోందనీ, దాన్ని ఆపమనీ కేరి జనం అర్జీ పెట్టుకున్నారు. నెల కిందట ఆయన మనుషులే వచ్చి, ఇళ్ళ పగుళ్ళ మీదా గుడి రాళ్ళ సందుల మీదా సన్నటి అద్దం పట్టీలు అడ్డంగా అంటించి పోయారు. గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం పగులుతుంది. ఇప్పుడు చూస్తే ఇళ్ళలో ఒక్క పట్టీ మిగల్లేదు. గుడిలో ఎనిమిదికి ఎనిమిదీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆఫీసరు వెంట జగదీశ్ ఉన్నాడు. పక్క ఊరి భూస్వాముల బిడ్డ. చేలు లారీలయ్యాయి, లారీలు గని కాంట్రాక్టయ్యాయి. పేలుళ్ళ బాధ్యత అంతా అతనిదే. ఆఫీసరు గోడను చేత్తో తట్టి, ఎలా నిలబడిందని నిజంగానే ఆశ్చర్యపోయి, తన కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"నోడప్పా మేస్త్రీ, ఇంత దెబ్బకూ ఇది హెంగె నిలబడిండాది?"

హనోకు జీవితంలో ఒక ఆఫీసరు నిలబడి ఆయన మాట విన్నది అదే మొదటిసారి. ముసలివాడి ముఖం వెలిగిపోయింది.

"సిమెంటు మొండిది సార్. దెబ్బకు బిగుసుకుంటాది, బిగుసుకునేది ఒక్కసారిగా పగుల్తాది. సున్నం మెత్తంది. దెబ్బను ఒక్క తావులో నిలవనియ్యదు. అన్ని సందులూ తలా కొంచెం నలుగుతాయి, రాయి రాయిగానే ఉంటాది. వానల్లో చెమ్మ తగిల్తే నలిగిన సున్నం మల్లా కరుచుకుంటాది. ఈ కమాను చూడండి, నెత్తిన బరువుండే కొద్దీ బిగుస్తాది గానీ జారదు. గోడ మందమే మూడడుగులు. ఎన్ని పేలుళ్ళయినా ఒక్క రాయి కదల్లేదు సార్."

"ఒక్కటి గూడా?"

"ఒక్కటి గూడా. నా తాపీ మీద ఆన."

"శభాష్. అదే మాట ఈడ రాసి సంతకం చెయ్యి" అని ఆఫీసరు కాగితం చాపాడు. హనోకు తన గుండ్రటి కన్నడ అక్షరాలతో ఆ మాట రాసి, కింద తండ్రి పేరుతో సహా సంతకం చేశాడు. జగదీశ్ కిటికీలోంచి గుట్టను చూస్తూ సన్నగా నవ్వుకున్నాడు. ఆ నవ్వు హనోకు చూశాడు గానీ, తన పనితనాన్ని మెచ్చుకున్నాడేమో అనుకున్నాడు. పొగడ్త చెవిలో పడితే తెలివి ఊరు దాటిపోతుంది, ఎవరికైనా అంతే.

*

గురువారం అర్జీకి జవాబు కాగితం వచ్చింది. గని ఎర్రజెండా పట్టుకునే ఆంజినప్ప ఆ కేరివాడే. వేపచెట్టు దగ్గర నిలబడి అతనే చదివాడు, కన్నడం చదివి తెలుగులో చెబుతూ.

"పేలుడు ఒకటే, దూరం ఒకటే. నూట పదేళ్ళ పాత కట్టడానికి ఏమీ కాలేదు. కొత్త ఇండ్లు పగిలినాయంటే కట్టినోళ్ళ పని చెడ్డది, పేలుడు తప్పు కాదు. గుడి చూసుకునే మేస్త్రీనే ఆ మాట రాసిచ్చినాడు. అందుకని అర్జీ కొట్టేస్తాండాము. సోమవారం నుంచి ఊరివైపు తవ్వకానికి పర్మిషన్. గుడి కట్టడం భద్రం, జనం కూడుకునేదానికి యోగ్యం."

చదివి ఆంజినప్ప తల వంచుకున్నాడు. ఎవరూ హనోకును తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అందరూ ఆయన నిలబడిన చోట ఎవరూ లేనట్టు పక్కనుంచి వెళ్ళిపోయారు. కాగితం నకలు ఒకటి ఆంజినప్ప ఆయన చేతిలో పెట్టి, "నీ పేరుండాది, నీకియ్యమన్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం పక్క వరస సిద్దక్క గుమ్మం దాకా వచ్చింది. ఆమె ఈ గుడికి చెందిన మనిషి కాదు, కానీ ముప్పై ఏళ్ళుగా కరుణమ్మతో ఒకే బోరింగు నీళ్ళు. ఆమె కూతురు సౌందర్య పన్నెండు రోజుల బాలింత. బాలింతనూ పసిగుడ్డునూ రోజూ మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టలేక, పేలుడు వేళకు మంచం మీదనే వదిలి, తను గుమ్మంలో నిలబడి పైకప్పు వైపు చూస్తుండేది సిద్దక్క. పోయిన వారం ఉయ్యాల పక్కన ఇటుక పెచ్చు పడింది.

"మేస్త్రీ, నువ్వు అబద్ధం చెప్పినావని నేను అనను" అంది సిద్దక్క. "నీ గోడ సంగతి నువ్వు చెప్పినావు. నా గోడ సంగతి యెవరన్నా అడిగినారా? అడుగుతారని చూస్తి. మంగళవారమంతా వాకిట్లోనే కూచోనుంటి."

ఆమె వెళ్ళిపోయాక కరుణమ్మ సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టి, పళ్ళెం ముందుకు తోసి, అటు తిరిగి కూర్చుంది.

"నేను చెప్పింది నిజమే గదా" అన్నాడు హనోకు.

"రోజూ చేటెడు ఎత్తి పోస్తాండానే, ఆ పొడి సంగతి గూడా చెప్పినావా?"

హనోకు పళ్ళెం వెనక్కి తోసి లేచాడు.

*

శనివారం పనిని హనోకు శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాడు. మాట్లాడే మనిషి లేనప్పుడు చేతులకు పని ఉండటమే మేలు. గుట్ట వైపు గోడ దగ్గర గొంతుకూర్చుని, తాపీ పిడితో రాయి రాయినీ తట్టుకుంటూ పోయాడు. రాయి గట్టిగా పలికితే పక్కదానికి పోవడం, బోలుగా పలికితే సందు గీకి సున్నం నింపడం ఆయన పద్ధతి. ఆ రోజు నాలుగు రాళ్ళు వరసగా బోలుగా పలికాయి. ఐదోది, ఆరోదీ అంతే. మూడేళ్ళుగా తను సందులు నింపుతున్నాడు గానీ, నింపిన తర్వాత మళ్ళీ ఎప్పుడూ తట్టి చూడలేదని అప్పుడు తోచింది.

ఒక రాయి చుట్టూ తన సున్నాన్ని తనే గీకి, రాయిని కదిలించి బయటికి లాగాడు. దాని వెనక నుంచి సున్నమూ గులకరాళ్ళూ కలిసిన పొడి, చిల్లుపడిన బస్తాలోంచి జొన్నలు కారినట్టు జరజరా కారింది. చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి కారింది. మోచేతి దాకా లోపలికి పెట్టి చూస్తే చేతికి గాలి తగిలింది.

పాతకాలపు గోడ అంటే రెండు గోడలు. లోపల ఒక రాతి వరస, బయట ఒక రాతి వరస, నడుమ చిన్నరాళ్ళూ సున్నమూ కలిపి కూరిన ముద్ద. ఆ రెంటినీ ఒకటిగా పట్టుకునేది నడిమి ముద్దే. దెబ్బలన్నీ తిని తిని ఆ ముద్ద పిండయింది. పైకి కనబడే ముఖాలు రెండూ కదల్లేదు కాబట్టి అద్దం పట్టీ ఒక్కటీ పగల్లేదు. ఆ ముఖాలు కదలకుండా వారం వారం సున్నం పూసి, గాటు కనబడకుండా చేసింది ఎవరు? తనే. గుడి తన నొప్పిని రోజుకు చేటెడు చొప్పున బయటపెడుతూనే ఉంది, తను శనివారం శనివారం దాని నోట్లో సున్నం కుక్కుతూ వచ్చాడు. హనోకు ఆ రాయిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఏడుపు వచ్చింది, ఏడ్చాడు.

మర్నాడు మొదటి బస్సుకు బళ్ళారి పోయాడు. సంచిలో దోసెడు సున్నప్పొడి, నాలుగు గులకరాళ్ళు. ఆఫీసులో పదకొండు దాకా బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. వెంకటరత్నం టేబుల్ మీద హనోకు పొడి పోశాడు. ఆఫీసరు ఫైళ్ళు పక్కకు జరుపుకున్నాడు.

"మంగళవారం ఒక్క రాయి కదల్లేదంటివి. శనివారం పడిపోతాదంటావు. మధ్యలో ఏమాయె? ఊరోళ్ళు నిన్ను బెదిరించి పంపించినారా?"

"లేదు సార్. నేనే మోసపోయినాను. లోపల డొల్ల అయింది, ఒకసారి వచ్చి చూడండి."

"పర్మిషన్ సహి అయిపోయింది. నీ మాట మీదనే అయింది." అంతలోనే ఆయన గొంతు కొంచెం తగ్గింది. చెడ్డవాడేం కాదు, ఇరుక్కున్నవాడు. "ఇప్పుడు తవ్వకం ఆగాలంటే ఒకటే దారి. ఆ గుడి పేలుడుకు భద్రం కాదని గని వాళ్ళే ఒప్పుకుని రాసియ్యాల. అది నా చేతికి వస్తే ఆ నిమిషమే ఆపేస్తా. వాళ్ళు రాస్తారా? నువ్వే చెప్పు."

తిరుగు బస్సులో హనోకు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఎర్రమన్ను లారీలు ఒకదాని వెనక ఒకటి, రోడ్డు కనబడకుండా. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఇన్నాళ్ళూ మాటవరసకు అనేవాడు. జేబులోని నకలు తీసి కూడబలుక్కుంటూ చదివాడు. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. 'గుడి కట్టడం భద్రం, జనం కూడుకునేదానికి యోగ్యం.' దాని కింద ఆఫీసరు సంతకం, ఒప్పుకున్నట్టు గని తరఫున జగదీశ్ సంతకం, జత చేసిన తన మాట కింద తన సంతకం. బస్సు చోరనూరు చేరేదాకా ఆ వాక్యాన్నే చదివాడు.

*

సోమవారం పన్నెండు గంటలకు గుడిలో పదకొండు మంది కూర్చున్నారు. అందరూ ముసలివాళ్ళే. పిల్లల్నీ వయసువాళ్ళనీ రానివ్వొద్దని హనోకు ముందే చెప్పాడు. సౌందర్యనూ పసిబిడ్డనూ ఆటో పిలిపించి రోడ్డవతలికి పంపించారు. ముందురోజు ఆదివారం ప్రార్థన అయ్యాక హనోకు లేచి నిలబడి, తను తీసిన రాయినీ దాని వెనక బొక్కనూ జనానికి చూపించాడు. తను రాసిచ్చింది తప్పని అందరి ముందూ చెప్పాడు. "ఈ గోడ ఎప్పుడు పడ్తాదో నేను చెప్పలేను. ఇవతలికి పడ్తాదో అవతలికి పడ్తాదో గూడా చెప్పలేను. వచ్చేటోళ్ళు తెలుసుకుని రాండి" అన్నాడు.

"మా ఇంట్లో కూచుంటే మాత్రం తెలుస్తాదా?" అని సిద్దక్క సోమవారం అందరికంటే ముందు వచ్చి చాప పరిచింది. గుడిలో ఆమె అడుగు పెట్టడం అదే తొలిసారి.

కొత్త తవ్వకానికి గుడి, పేలుడు హద్దు చూపే ఎర్రజెండాల లోపలికి వచ్చింది. జెండాల లోపల మనిషి ఉంటే మందు పేల్చకూడదు. పన్నెండున్నరకు ఆంజినప్ప జెండా చుట్టుకుని పరుగున వచ్చాడు.

"లేయండప్పా, లేయండి! గుంతల్లో మందు కూరినారు. రాళ్ళు ఎగుర్తాయి."

"రాళ్ళు బయట పడ్తాయి. మేము లోపల ఉండాం" అన్నాడు హనోకు, జేబులోని నకలు తీసి చూపిస్తూ. "లోపల భద్రమని మీ గనోళ్ళే సంతకం పెట్టినారు."

ఆంజినప్ప కాగితం వైపు చూసి, మనుషుల వైపు చూసి, మళ్ళీ గుట్ట వైపు పరుగెత్తాడు. ఒంటిగంట అయింది. సైరన్ ఒకసారి కూసి ఆగిపోయింది. గుడిలో ఎవరో దగ్గారు. కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాక్యం ఏదో చదువుకుంటోంది. బయటికి పోవచ్చు, తలుపు తెరిచే ఉంది. కానీ పోతే ఇక ఎప్పటికీ రోజూ పోతూనే ఉండాలి. ఈ పదకొండు మంది ప్రాణాలు ఒక బోలుగోడ కింద పెట్టింది తనే, ఒక్క వాక్యాన్ని నమ్ముకుని.

రెండున్నరకు జీపు వచ్చింది. జగదీశ్ దిగి గడపకు ఆవలే నిలబడ్డాడు. పడమట మబ్బు కమ్ముతోంది.

"మేస్త్రీ, ఇదేం ఆట? మందు కూరిన గుంతల్ని అట్లే వదిలేదానికి లేదు. పిడుగు పడిందంటే మా మనుషులు నలుగురు పోతారు. బయటికి రా."

"రాసియ్యండప్పా, వస్తాం. ఈ గుడి పేలుడుకు భద్రం కాదని రాసి, సీలు ఏసి ఇయ్యండి."

"భద్రమని రాసిచ్చింది నువ్వే గదా?"

"నేనే. నా మాట ఆఫీసులో చెల్లదంట. మీదే చెల్లుతాదంట."

జగదీశ్ గుట్ట వైపు చూశాడు. అక్కడ కూలీలు మందు గుంతల పక్కన నిలబడి ఉన్నారు. దూరంగా ఉరిమింది. అతను జీపులోంచి లెటర్ ప్యాడ్ తెప్పించి, బానెట్ మీద పెట్టి నాలుగు వరసలు రాసి, సీలు గుద్ది, కాగితాన్ని హనోకు మీదికి విసిరినట్టే ఇచ్చాడు. హనోకు ప్రతి అక్షరం చదివి, కరుణమ్మకు ఇచ్చాడు. ఆమె రవికలో దాచుకుంది. అప్పుడు అందరూ లేచారు. చాపలు చుట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, జెండాల అవతలికి నడిచారు.

సైరన్ కూసింది. మూడేళ్ళలో హనోకు గుడి బయట నిలబడి పేలుడు చూడటం అదే మొదలు. అక్కడి నుంచి చూస్తే గుడి చాలా చిన్నదిగా కనబడింది. తాత సున్నం, తండ్రి సున్నం, తన సున్నం. 'పడిపో తల్లీ' అనుకున్నాడు. 'ఈ ఒక్కసారికి పడిపో. నా మాట నిలబెట్టు.' అలా అనుకున్నందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గుట్ట పేలింది. ఎర్రదుమ్ము లేచి గుడినీ కేరినీ కమ్మేసింది. జనం ముక్కులు మూసుకుని నిలబడ్డారు. దుమ్ము మెల్లగా దిగింది. ముందు గంట కమాను కనబడింది, తర్వాత కప్పు, తర్వాత గోడలు. గుడి ఎక్కడిదక్కడే నిలబడి ఉంది. ఒక్క రాయి జారలేదు.

జగదీశ్ పెద్దగా నవ్వాడు. ఈసారి దాచుకోలేదు.

"చూస్తివా మేస్త్రీ? ఇంత దగ్గర పేల్చినా ఏం కాలే. కాగితం ఇట్లియ్యి, చించేస్తా."

కేరి జనమంతా హనోకు ముఖంలోకి చూశారు. కరుణమ్మ చెయ్యి రవిక మీదికి పోయింది.

"ఇస్తానప్పా" అన్నాడు హనోకు. "నిలిచింది, నేను కాదనను. లోపలికి పోయి ఒక్క పది నిమిషాలు కూచోండి. మీరు కూచోని వస్తే, నా చేత్తో నేనే ఇస్తా."

"అంతేనా?" అని జగదీశ్ గబగబా గుడి దాకా నడిచాడు. హనోకు వెంట వెళ్ళాడు. దేవుడి తావు కదా, గడప దగ్గర వంగి జగదీశ్ ఒక బూటు విప్పాడు. రెండో బూటు దారం మీద వేళ్ళు పెట్టినప్పుడు లోపలి నుంచి సన్నటి చప్పుడు వినబడింది. గోడ కడుపులో ఏదో జరజరా జారి, ఆగి, మళ్ళీ జారుతోంది. బయటికి ఏమీ కనబడటం లేదు. జగదీశ్ తలెత్తి కమాను వైపు చూశాడు, తర్వాత హనోకు వైపు. వంగినవాడు వంగినట్టే కొంతసేపు ఉన్నాడు. తర్వాత విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుని, దారం కట్టుకోకుండానే జీపు వైపు నడిచాడు. కాగితం మాట మళ్ళీ ఎత్తలేదు.

జీపు పోయాక ఎవరో కేక పెట్టారు, ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక ఆ కాగితం బళ్ళారిలో ఆఫీసరు చేతికి చేరడమే తరువాయి. హనోకుకు మాత్రం కన్నతల్లి మీద కోర్టులో సాక్ష్యం చెప్పి వచ్చినట్టుంది. గుడి తలుపులు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, ఆంజినప్ప దగ్గర ఎర్రజెండా ఒకటి అడిగి తీసుకుని, గొళ్ళేనికి కట్టాడు.

"పా మేస్త్రీ" అంది సిద్దక్క వెనక నుంచి. "పొద్దుటి నుంచి ఏమీ తినలే. మా ఇంట్లో సంగటి ఉండాది."

గురువారం తర్వాత ఆ కేరిలో ఆయన్ని అన్నానికి పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. హనోకు కాళ్ళు కడుక్కుని వెళ్ళాడు. ఆ పగిలిన గోడల ఇంట్లోకి రమ్మని ఆమె అనలేదు, ఆయనా అడగలేదు. వాకిట్లో చాప వేసి, ఆరుబయట మబ్బు కింద కూర్చుని ఇద్దరూ తిన్నారు.